బదిలీతో పని వృథా అయినట్లేనా?

ప్రశ్న: ఇసుక లారీలను పట్టుకున్నందుకు తహసీల్దారైన మా అన్నయ్యను బదిలీ చేశారు. ఊళ్లో నిందలు కూడా వేస్తున్నారు. ఆయన పడ్డ శ్రమ వృథాయేనా?
– ఒక చెల్లెలు

జవాబు: కాదమ్మా. మదురై కలెక్టరు సగాయం 2012లో గ్రానైట్ అక్రమ తవ్వకాలపై ప్రభుత్వానికి నివేదిక పంపారు. నష్టం 16 వేల కోట్ల రూపాయలకు పైమాటేనన్నారు. కొద్ది రోజులకే ఆయనను చేనేత సహకార సంస్థ కో-ఆప్టెక్స్‌కు పంపేశారు. నివేదిక మాత్రం బతికింది. 2014లో మద్రాసు హైకోర్టు విచారణను ఆయనకే అప్పగించింది. మరుసటి ఏడు, గ్రానైట్ క్వారీల కోసం నరబలులు ఇచ్చారన్న ఆరోపణపై శ్మశానం తవ్వాల్సి వచ్చినప్పుడు, ఆధారాలు మాయమవుతాయని రాత్రి అక్కడే పడుకున్నారు. ఎంత తెగువ! అన్నయ్య రాసిన పంచనామాలు, లారీల నంబర్లు దస్త్రంలో ఉన్నాయో లేదో సమాచార హక్కు కింద మీరే అడగండి.