ఓడ వేసే ముందు గాలి సంగతి తేల్చుకో

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. రిటైరయ్యాక ఓడల బొమ్మలు వేస్తావట, అవీ పాతకాలపు యుద్ధనౌకలట, అవీ నీటిరంగుల్లోనట. సంతోషం. ఏ కంపెనీ రంగులు కొనాలి, ఎన్ని బ్రష్‌లు కావాలి, ఏ కాగితం మంచిది అని రెండు పేజీలు అడిగావు. ఏ ఓడ వెయ్యబోతున్నావో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అందుకే సామాన్ల సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఓడని ఎంచుకో. ఎంచుకోవడమంటే పేరు ఒక్కటే కాదు, తేదీ కూడా. దొరికితే వేళ కూడా. ఓడకి ఎప్పుడూ ఒకటే రంగు ఉండదు. విక్టోరియా రాణి కాలం చివర్లో బ్రిటిష్ యుద్ధనౌకలకి నల్లటి పక్కలు, తెల్లటి పైభాగం, లేత పసుపు పొగగొట్టాలు ఉండేవి. ఆవిడ పోయిన రెండు మూడేళ్ళకల్లా అన్నీ బూడిదరంగులోకి మారిపోయాయి. 1907 చివర్లో బయలుదేరి ప్రపంచం చుట్టి 1909లో తిరిగొచ్చిన అమెరికన్ యుద్ధనౌకలు తెల్లగా మెరుస్తూ వెళ్ళాయి, ఇల్లు చేరాక వాటికీ బూడిదరంగు పట్టించారు. అదే ఓడ, 1908లో అయితే తెలుపు, 1910లో అయితే బూడిద. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్‌లో ఉన్న, బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ ఓడ విక్టరీ ఇంకా తమాషా. దాని పక్కల మీది చారల్ని అందరూ చిక్కటి ఆవపిండి రంగులో వేసేవారు, అసలు ఓడకీ ఆ రంగే ఉండేది. పాత రంగు పొరలని పరీక్ష చేసి, 1805లో అవి అంత పచ్చగా లేవని, లేత గులాబీ ఛాయ ఉన్న మట్టిరంగులో ఉండేవని తేల్చారు. 2015లో ఓడకే ఆ రంగు వేశారు. కాబట్టి 2015కి ముందు తీసిన ఫొటో చూసి, 1805లో నెల్సన్ ఫ్రెంచి, స్పానిష్ ఓడల మీద చేసిన ట్రఫాల్గర్ యుద్ధం వెయ్యకు.

తేదీ తేలాక గాలి. ఓడలు తెలిసినవాళ్ళు బొమ్మలో మొట్టమొదట చూసేది అదే. తెరచాపలు ఒక వైపు ఉబ్బి, జెండా ఇంకో వైపు ఎగురుతుంటే బొమ్మ ఎంత అందంగా ఉన్నా వాళ్ళు చిన్నగా నవ్వి పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళిపోతారు. కార్ల మీద జెండాలు వెనక్కి ఎగరడం మన కళ్ళకి అలవాటు. తెరచాప ఓడ గాలిని వీపున పెట్టుకుని పోతున్నప్పుడు జెండా ముందుకి ఎగురుతుంది. తోసేది గాలే కదా, గాలిని మించి ఓడ పోలేదు. ఎదురుగాలి సంగతీ తెలుసుకో. అడ్డకొయ్యలకి చదరపు తెరచాపలు కట్టిన పాత యుద్ధనౌక గాలి వచ్చే దిక్కుకి సుమారు 67 డిగ్రీల కంటే దగ్గరగా ముక్కు తిప్పి ప్రయాణం చెయ్యలేదు. గాలి ఎటో పేపరు మీద బాణం గుర్తు గీసుకుని, ఓడ ఎటు పోతోందో ఇంకో బాణం గీసుకో. రెండూ కుదరకపోతే పెన్సిల్ పక్కన పెట్టి మళ్ళీ ఆలోచించు.

1805 అక్టోబరు 21 తీసుకుందాం, ట్రఫాల్గర్ రోజు. గాలి పడమటి వైపు నుంచి, చాలా మెల్లగా. కెరటాలు మాత్రం పెద్దవి, నురగ లేకుండా పొడుగ్గా దొర్లుతూ వస్తున్నవి. ఎక్కడో దూరంగా లేచిన గాలివానకి అవి ముందు గుర్తు. నెల్సన్ వైపు 27 ఓడలు రెండు వరసల్లో, ఉన్న తెరచాపలన్నీ విప్పుకుని, ఎదుటి పక్షం 33 ఓడల మీదికి మనిషి నడకంత వేగంతో వెళ్ళాయి. అంటే నీ బొమ్మలో విక్టరీ ముక్కు దగ్గర నురగ చిమ్మకూడదు. తెరచాపలు బిగుతుగా ఉబ్బకూడదు. జెండాలు ముందుకి, అదీ బద్ధకంగా. ఫిరంగుల పొగ పేలిన చోటే వేలాడి, తూర్పుకి మెల్లగా జరుగుతుంది. ఈ యుద్ధాన్ని హోరుగాలిలో, తెల్లటి అలల మధ్య వేసిన బొమ్మలకి లెక్కలేదు. గాలివాన వచ్చింది యుద్ధం అయిపోయాక. నిజానికి మెల్లగా, తప్పించుకునే దారి లేకుండా, ఫిరంగుల ఎదటికి గంటల తరబడి నడిచిపోవడంలోనే ఎక్కువ భయం ఉందని నా ఉద్దేశం. ఆ టెన్షన్ వెయ్యగలిగితే నురగతో పని లేదు.

ఆవిరి ఓడలకి లెక్క మారుతుంది. గాలి లేని రోజు ఓడ ఇరవై నాట్ల (గంటకి సుమారు 37 కిలోమీటర్ల) వేగంతో పోతుంటే పొగ, జెండా రెండూ తిన్నగా వెనక్కే. వెనక నుంచి అంతే వేగంతో గాలి వీస్తే పొగ నిటారుగా పైకి లేస్తుంది. లంగరు వేసిన ఓడకి పొగగొట్టం పక్కన సన్నటి తోక చాలు. 1906లో వచ్చిన బ్రిటిష్ యుద్ధనౌక డ్రెడ్‌నాట్ వేస్తే ఒక సంగతి గుర్తుంచుకో, దాని ముందరి స్తంభాన్ని మొదటి పొగగొట్టానికి వెనక నిలబెట్టారు. గురి చూడ్డానికి పైన కూర్చున్నవాళ్ళు పాపం ఆ పొగలోనూ వేడిలోనూ ఉడికారు. అలవాటు కొద్దీ స్తంభం ముందు, గొట్టం వెనక గీశావంటే అది వేరే ఓడ అయిపోతుంది.

బొమ్మ గీసేటప్పుడు ఎక్కువ మంది తడబడేది ఓడ దగ్గర కాదు, నీరూ ఆకాశం కలిసే గీత దగ్గర. ఆ గీత ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. ఒడ్డున నిలబడ్డ మనిషి కన్ను నీటికి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటే, ఆ గీత ఓడ పక్కని నీటికి ఒకటిన్నర మీటర్ల పైనే కోస్తుంది. మిగతా ఓడంతా ఆకాశంలోకి లేచి ఉండాలి. గీతని స్తంభాల కొనల దాకా పైకి తీసుకుపోయావంటే నువ్వు విమానంలోంచి చూస్తున్నట్టు. దూరం కూడా దీనితోనే తేలుతుంది. ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి ఆ గీత నాలుగున్నర కిలోమీటర్ల లోపే ఉంటుంది. అంతకంటే దూరంలో ఉన్న ఓడకి అడుగుభాగం నీటి వెనక దాగిపోతుంది, ఇంకా బాగా దూరమైతే స్తంభాలూ తెరచాపలే కనిపిస్తాయి. వెనక వరసలో ఓడల్ని ఇలా వేస్తే సముద్రం వెంటనే పెద్దదైపోతుంది. పైగా సగం ఓడ గీసే శ్రమ తప్పుతుంది.

సమాచారానికి ఫొటోలు బోలెడు దొరుకుతాయి, కానీ పాత నలుపు తెలుపు ఫొటోల్ని రంగు విషయంలో నమ్మకు. అప్పటి చాలా ఫిల్ములకి ఎరుపు అందేది కాదు, అది నల్లగా పడేది. నీలం తేలిపోయి తెల్లగా పడేది. పొగగొట్టం మీద నల్ల పట్టీ కనిపిస్తే అది ఎర్రదేమో అని అనుమానించు. ఆకారానికి మాత్రం ఫొటోని మించింది లేదు, దాన్ని మించింది అసలు నక్షా. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో బ్రిటిష్ నౌకాదళం వాళ్ళ పాత నక్షాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అసలు ఓడే ఇంకా మిగిలి ఉంటే మరీ మంచిది. 1797 నాటి అమెరికన్ యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ బోస్టన్‌లో ఉంది. బొంబాయిలో టేకుతో కట్టి 1817లో నీటిలోకి దింపిన ట్రింకోమలీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో ఇంకా తేలుతూనే ఉంది. జపాన్ వాళ్ళ మికాసా యోకోసుకాలో ఉంది. వీటికి అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలు ఉంటాయి. తొలి ఓడగా వీటిలో ఒకటి పట్టుకో. ఎవరూ ఫొటో తియ్యని ఓడని మొదట్లోనే ఎత్తుకుంటే సగం ఊహతో నింపాల్సి వస్తుంది.

1670ల్లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ దగ్గర వాన్ డి వెల్డె అనే డచ్చి తండ్రీకొడుకులు ఉండేవారు. ఇద్దరికీ ఏడాదికి చెరో వంద పౌన్లు. సముద్ర యుద్ధాల్ని గీసి ఇవ్వడం తండ్రి పని, వాటికి రంగులు వెయ్యడం కొడుకు పని. ఆ తండ్రి అంతకుముందు చిన్న నావలో యుద్ధం జరిగే చోటికే వెళ్ళి గీసుకొచ్చిన మనిషి. మనం ఇద్దరి పనీ మనమే చెయ్యాలి. తండ్రి పనికి ఎక్కువ రోజులు ఇవ్వు. రంగు పడ్డాక నీటిరంగుల్లో దిద్దడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఇక రంగు. నువ్వు చదివిందంతా బొమ్మలో పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. పెట్టకు. తాళ్ళన్నీ లెక్కపెట్టి వేస్తే అది బొమ్మలా ఉండదు, నక్షాకి రంగు పులిమినట్టుంటుంది. దగ్గరి స్తంభానికి ముఖ్యమైన తాళ్ళు వేసి మిగతావి కంటికి వదిలెయ్యి. ఆకాశం ముందు, ఒకే తడిలో. సముద్రం రంగు ఆకాశం నుంచే వస్తుంది కాబట్టి ఆ గిన్నెలో మిగిలిందే నీటికీ వాడుకో, కాస్త చిక్కగా. ఎండ తళుకు కావాలంటే గరుకు కాగితం మీద బ్రష్‌ని పడుకోబెట్టి, రంగు తక్కువగా పెట్టి, ఒక్క ఊపులో లాగు. మిట్టల మీదే రంగు అంటి, గుంటలు తెల్లగా మిగిలిపోతాయి. తెల్ల ఓడ అంటే తెల్ల రంగు కాదు, ముట్టుకోకుండా వదిలేసిన కాగితం. సన్నటి తెల్ల తాళ్ళకి మాత్రం చివర్లో గ్వాష్ తెలుపు, అంటే అడుగు కనిపించనివ్వని చిక్కటి నీటిరంగు, వాడుకోవచ్చు, కొందరు తప్పంటారు గానీ నేను పట్టించుకోను. యుద్ధనౌక బూడిదరంగుకి ట్యూబులో దొరికే నలుపు వద్దు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి మట్టిరంగు కలుపు. ఎండ వైపు సియెన్నా ఎక్కువ, నీడ వైపు నీలం ఎక్కువ. రంగు ఆరాక లేతబడుతుంది, అందుకని నీకు సరిపోయిందనిపించిన దానికంటే కొంచెం చిక్కగా వెయ్యి.

సామాన్లు అడిగావుగా. నూరు శాతం కాటన్ కాగితం, 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్నది. డబ్బంతా దానికి పెట్టు, మిగతా చోట పిసినారిగా ఉండు. ఆ రెండు రంగులు కాక ఎల్లో ఓకర్, ప్రష్యన్ బ్లూ, ఒక ఎరుపు చాలు. ఒక పెద్ద గుండ్రటి బ్రష్, ఒక మధ్య రకం, తాళ్ళ కోసం పొడుగు వెంట్రుకల రిగ్గర్ బ్రష్. ఓడని మామూలు కాగితం మీద గీసి, దిద్దుకున్నాకే మంచి కాగితం మీదికి ఎక్కించు. మంచి కాగితం మీద రబ్బరు రుద్దితే రంగు అక్కడ మచ్చలు కడుతుంది.

చెయ్యి వణుకుతోందని రాశావు. తాళ్ళు వేసేటప్పుడు వేళ్ళు కదపకు, భుజం నుంచి లాగు, కాగితాన్ని నీకు అనువైన వైపు తిప్పుకో. తలకిందులుగా పెట్టినా ఎవరూ అడగరు. రంగులు కొనే ముందు కళ్ళు చూపించుకో. శుక్లం ముదిరితే తెలుపులో పసుపు కలుస్తుంది, నువ్వు కలిపే బూడిదలన్నీ తేడా కొడతాయి. ఆపరేషన్ అయ్యాక చూసుకుని నెత్తి కొట్టుకోవడం దేనికి?

ఇంకొక్కటి. ముందు సంవత్సరం ఎవరికీ ఫ్రేము కట్టించి ఇవ్వకు, ఎవరి దగ్గరా ఆర్డరు తీసుకోకు. ఉద్యోగం వదిలింది మళ్ళీ గడువులు పెట్టుకోవడానికి కాదు.

మొదట లంగరు వేసి ఉన్న మికాసాని పక్క నుంచి వెయ్యి, నీళ్ళు నిలకడగా ఉన్న రోజు. రంగు ముట్టుకోకుండా పెన్సిల్ బొమ్మ ఫొటో తీసి నాకు పంపు. స్తంభాలు, పొగగొట్టాలు లెక్క చూసి చెబుతాను, ఆ తర్వాతే నీళ్ళ గిన్నె తీద్దువుగాని.

ప్రేమతో,
అక్క