గాడిలో మసి పోవాలి, గాడి మిగలాలి

మేస్త్రీ గారిని అడగండి
(విజయవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్న మేస్త్రీ గారు పాఠకుల సందేహాలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్కారం. కాలవ నీళ్లు ఎక్కని మెరక చెక్క ఒకటి ఉంది మాకు. దానికి ఐదు హార్స్ పవర్ డీజిల్ ఇంజన్ పెట్టి నీళ్లు తోడుకుంటాం. నిరుటి నుంచి ఇంజన్ ఆయిల్ తాగుతోంది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ లోంచి పొగ కొడుతోంది. హ్యాండిల్ తిప్పితే కంప్రెషన్ చేతికి తగలడం లేదు. విప్పిస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లో పై రెండూ వాటి గాడుల్లో పట్టేసి ఉన్నాయి. మెకానిక్ హాక్సా బ్లేడు ముక్కతో గాడులు గీకి, కొత్త రింగులు వేశాడు. రెండు నెలలు తిరక్కుండా మళ్లీ అదే పొగ. పిస్టన్ ఆడే గొట్టాన్ని, అదే లైనర్‌ని, కొలిచి బాగానే ఉందన్నారు. మరి తప్పెక్కడ జరిగింది?
– ఒక రైతు, దివిసీమ

జవాబు: అన్నా, మీ ఉత్తరం చదువుతుంటే హాక్సా బ్లేడు దగ్గర నా చూపు ఆగిపోయింది. లైనర్ నిజంగా బాగుంటే, నా అనుమానమంతా ఆ బ్లేడు మీదే.

రింగు స్ప్రింగులా విచ్చుకుని లైనర్‌కి ఆనుతుంది, పని అంతటితో అయిపోయింది అనుకుంటారు చాలామంది. అసలు పని గాడిలో జరుగుతుంది. పైన డీజిల్ మండగానే గ్యాసు రింగు పక్కనున్న సన్నటి సందులోంచి దూరి రింగు వీపు వెనక్కి చేరుతుంది. అక్కణ్నుంచి రింగుని లైనర్ మీదికి నెడుతుంది. అదే సమయంలో పై నుంచి రింగుని గాడి కింది గోడ మీదికి అదుముతుంది. అంటే గ్యాసుకి రెండు చోట్ల కట్ట వేయాలి. లైనర్ దగ్గర ఒక కట్ట, గాడి కింది గోడ దగ్గర రెండో కట్ట. లైనర్‌ని మైక్రోమీటర్లు పెట్టి కొలిచేవాళ్లు కూడా ఆ కింది గోడని వేలితో తడిమి చూడరు. నాకు బాధ అక్కడే.

హాక్సా బ్లేడు పళ్లని దగ్గరగా చూడండి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వంగి ఉంటాయి, కోసేటప్పుడు ఇనుములో ఇరుక్కోకుండా. దాన్ని మెత్తటి అల్యూమినియం గాడిలో పెట్టి లాగితే రెండు గోడల మీదా గీతలు పడతాయి. ఒక్కో గీతా గ్యాసుకి ఒక పిల్ల కాలవ. కొత్త రింగు ఎంత మంచిదైనా ఆ గీతల్ని పూడ్చలేదు. పైగా గాడి వెడల్పయితే రింగుకి కిందా పైనా ఆట పెరుగుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో పిస్టన్ సెకనుకి 50 సార్లు దిక్కు మార్చుకుంటుంది. అన్నిసార్లూ రింగు గాడిలో పైకీ కిందికీ కొట్టుకుంటూ, ఆయిల్‌ని గుక్కగుక్కగా పైకి తోడిపోస్తుంది. మీ ఇంజన్ ఆయిల్ తాగడానికి ఇది చాలు.

ఇప్పుడు మళ్లీ విప్పించండి. ఈసారి దగ్గరుండి చూసుకోండి. రింగులు తీశాక పిస్టన్‌ని గోరువెచ్చని డీజిల్‌లోనో కిరసనాయిల్‌లోనో ఒక రాత్రంతా నానబెట్టమనండి. మంట మీద పెట్టి వెచ్చచేయొద్దు, వేడినీళ్ల గిన్నెలో డీజిల్ డబ్బా పెడితే చాలు. సగం మసి అలా నానడానికే మెత్తబడుతుంది. ఒక్క జాగ్రత్త. షెడ్లలో పోత ఇనుము హెడ్లూ బ్లాకులూ ఉడకబెట్టే కాస్టిక్ సోడా తొట్టి ఉంటుంది. అందులో పిస్టన్ వేయనివ్వకండి. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. బుడగలు బుసబుసా వస్తుంటే మసి పోతోందనుకుంటారు, పోయేది పిస్టన్.

గీకడానికి అన్నిటికన్నా మంచి పనిముట్టు మీ ఇంజన్‌లోంచి తీసిన పాత రింగే. దాన్ని గుడ్డలో చుట్టి రెండు ముక్కలు చేయాలి. పోత ఇనుము పటుక్కున విరుగుతుంది, కంటికి అద్దాలు పెట్టుకోండి. విరిగిన కొసని సానరాయి మీద చదునుగా అడ్డంగా నూరాలి. తర్వాత పక్క అంచుల పదును చంపాలి. ఈ రెండో పని చాలామంది చేయరు. గాడి అడుగున మసిని గీకే కొసకి పదునుండాలి, గోడల్ని రాసుకుంటూ వెళ్లే పక్కలు నున్నగా ఉండాలి. రెండో చివరకి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుంటే చెయ్యి కోసుకోదు. ఏ గాడి రింగు ముక్కతో ఆ గాడినే గీకండి, వెడల్పు సరిగ్గా సరిపోతుంది. పిస్టన్‌ని వైస్‌లో బిగించొద్దు, స్కర్ట్ (పిస్టన్ కింది పలచటి భాగం) వంకరపోతుంది. గోనెపట్టా ఒళ్లో వేసుకుని, దాని మీద పెట్టుకుని గీకితే చాలు. తొందర వద్దు. గట్టిగా అతుక్కున్న చోట మళ్లీ నానబెట్టి మళ్లీ గీకాలి.

ఆయిల్ రింగు గాడి లోపల చిన్న చిన్న చిల్లులుంటాయి. లైనర్ మీంచి గీకిన ఆయిల్ వాటి గుండానే కిందికి దిగాలి. అవి పూడిపోతే ఎంత మంచి రింగు వేసినా పొగ ఆగదు. చిల్లుకి సరిపోయే డ్రిల్ బిట్‌ని వేళ్లతో మెల్లగా తిప్పుతూ శుభ్రం చేయాలి. డ్రిల్ మెషిన్‌కి పెడితే చిల్లు పెద్దదవుతుంది.

మసి పోయాక కొత్త రింగుని పిస్టన్‌కి ఎక్కించకుండానే, బయటి నుంచి దాని అంచుని గాడిలో పెట్టి చుట్టూ దొర్లించండి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ మసి మిగిలినట్టు. తర్వాత రింగుకీ గాడి గోడకీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) పెట్టి చూడాలి. మామూలు చదును రింగులకి కొత్తలో ఆ సందు చాలా ఇంజన్లలో 0.04 నుంచి 0.08 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న కొలతే ఖాయం. అందులో లేకపోతే, 0.15 రేకు సులువుగా దూరిందంటే ఆ పిస్టన్‌ని పక్కన పెట్టేయండి. ఇంకో పరీక్ష గోటితో. గాడి కింది గోడ మీద లోపలి నుంచి బయటికి గోరు లాగండి. మెట్టు తగిలితే రింగు ఆ గోడని తినేసినట్టు. మీ పిస్టన్‌కి ఈ రెండు పరీక్షలూ పెట్టించి, ఏ ఒక్కటి తప్పినా కొత్త పిస్టన్ కొనండి. ఇంకోసారి రింగుల మీద డబ్బు పోయొద్దు.

అసలు మొదట రింగులు ఎందుకు పట్టేశాయో కూడా చూసుకోవాలి. డీజిల్‌ని సిలిండర్‌లోకి కొట్టే నాజిల్ సన్నటి తుంపరగా కొట్టకుండా బొట్లు బొట్లుగా కారుస్తుంటే మండని డీజిల్ మసిగా మారి గాడుల్లో చేరుతుంది. పిస్టన్ మార్చే రోజే నాజిల్‌ని పంపు షాపులో టెస్ట్ చేయించండి.

ప్రశ్న: సార్, నేను వరంగల్‌లో ఐటీఐ డీజిల్ మెకానిక్ చదువుతున్నాను. మా వర్క్‌షాప్‌లో గాడులు గీకే గ్రూవ్ క్లీనర్ ఉంది. సంకెల లాగా పిస్టన్ చుట్టూ పట్టుకుంటుంది, రకరకాల వెడల్పుల బిట్లున్న చిన్న చక్రం ఉంటుంది. మీ లాంటి పెద్ద మేస్త్రీలు దాన్ని వాడొద్దంటారు. ఎందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, వాడొద్దని నేను అనను. చెయ్యి కుదిరినవాడి దగ్గర అది మంచి పనిముట్టే. నాకు చెయ్యి కుదరని రోజుల్లో ఏం జరిగిందో చెప్తాను.

అప్పటికి నాకు పాతికేళ్లు కూడా లేవు. కోతల టైమ్‌లో మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఇంజన్ వచ్చింది. రైతు గుమ్మంలోనే కూర్చున్నాడు, పొద్దుటికల్లా కావాలన్నాడు. క్లీనర్ స్క్రూ గట్టిగా బిగించి గిరగిరా తిప్పాను. గాడులు తళతళలాడాయి, సంతోషపడ్డాను. ఇరవై రోజులకి అదే ట్రాక్టర్ నీలి పొగ కక్కుకుంటూ తిరిగొచ్చింది. ఆ రైతు ఒక్క మాట అనలేదు, ఇంజన్ పక్కన నిలబడి పొలం వైపు చూస్తున్నాడు. మూడు పిస్టన్లూ నా జీతంలోంచి కొన్నాను. ఆ మనిషి పోగొట్టుకున్న కోత రోజుల్ని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను.

అప్పుడు మా పెద్ద మేస్త్రీ నా ముందు ఒక తెల్లకాగితం పరిచి, దాని మీద పాత పిస్టన్ పెట్టి గీకమన్నాడు. మొదట నల్లటి పొడి రాలింది. ఇంకో రెండు చుట్లు తిప్పేసరికి ఆ నలుపులో వెంట్రుకంత వెండి తీగ ఒకటి మెరిసింది. చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "అది మసి కాదురా, పిస్టన్" అన్నాడు. ఇప్పటికీ కాగితం లేకుండా నేను గాడి గీకను, మా కుర్రాళ్లని గీకనివ్వను.

కాబట్టి బిట్ వెడల్పు గాడి వెడల్పుకి సమానంగానో వెంట్రుకవాసి తక్కువగానో ఉండాలి. లూజుగా బిగించి మొదలుపెట్టు. ఒకే దిక్కుకి తిప్పు. బిట్ గాడిలో నిటారుగా కూర్చుందా, ఒక పక్కకి ఒరిగి గోడని తింటోందా అని ప్రతి చుట్టుకీ చూడు. గాడి అడుగు మూలలు కొంచెం గుండ్రంగా చేసి ఉంటాయి. పదునైన బిట్ అక్కడ మూల చెక్కిందంటే పిస్టన్‌కి పగులు మొదలయ్యే చోటు నువ్వే చూపించినట్టు.

ఇంకో సంగతి. చాలా డీజిల్ ఇంజన్లలో పై రింగు అడ్డకోతలో చదునుగా ఉండదు, లోపలికి పోనుపోను సన్నబడుతూ ఉంటుంది. కీస్టోన్ రింగు అంటారు. పిస్టన్ అటూ ఇటూ ఊగినప్పుడు ఆ రింగు లోపలికీ బయటికీ కదిలి, గాడిలో చేరిన మసిని తనే నలగ్గొట్టుకుంటుంది. ఆ గాడిలో చదరపు బిట్ పెట్టావంటే ఏటవాలు గోడలు పాడవుతాయి. దానికి నానబెట్టడమూ, చెక్క పుల్లా, నైలాన్ బ్రష్షూ చాలు. ఆ గాడి అరుగుదలని మామూలు ఫీలర్ రేకుతో కొలవలేవు, కంపెనీ చెప్పిన ప్రత్యేక గేజ్ కావాలి. విప్పిన ప్రతి పిస్టన్‌కీ ముందు పై రింగుని చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూడు, తర్వాతే పనిముట్టు పట్టు.

గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి పిస్టన్ మీద ఆడించేవాళ్లని చూసే ఉంటావు. గాడి అంచులు గుండ్రబడిపోతాయి. అది మాత్రం నేర్చుకోకు.

ప్రశ్న: మా నాన్నగారి పాత పెట్రోల్ జీపు బాగుచేయిస్తున్నాను. పిస్టన్ గాడులు అరిగాయి. లేత్ మీద గాడి వెడల్పు చేసి మందపాటి రింగు వేద్దాం అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, ముందు పిస్టన్ కోసం వెతకండి. ఆ పాత జీపుల ఇంజన్లకి పిస్టన్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. దొరికితే ఆ మాటే వద్దు. పైగా గాడి అరిగిన ఇంజన్‌లో బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, కూడా అరిగే ఉంటుంది. దాన్ని కొలిపించి, కావాలంటే బోరింగ్ చేయించి, దానికి తగిన ఓవర్‌సైజు పిస్టన్ వేయించుకోవచ్చు.

అరిగిన గాడిని మళ్లీ కోయడం కొత్త విద్యేమీ కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం హేగర్స్‌టౌన్‌కి చెందిన పర్ఫెక్ట్ సర్కిల్ అనే రింగుల కంపెనీ మాన్యులేత్ అని దీనికోసమే ఒక చేతి పనిముట్టు చేసి అమ్మేది. దాన్ని చేత్తో తిప్పుతూ గాడి గోడని చదునుగా కోస్తారు. మందపాటి రింగు వేయరు. కొలత ప్రకారమే రింగు వేసి, పెరిగిన ఖాళీలో రింగు పైన సన్నటి స్టీలు స్పేసర్ పెడతారు. రింగు మందం పెంచితే దాని బరువు పెరుగుతుంది. ఇంతకీ మీ లేత్ వాళ్లు స్పేసర్ మాట ఎత్తారా? ఎత్తకపోతే వాళ్ల చేతికి ఆ పిస్టన్ ఇవ్వకండి. వేరే దారి లేనప్పుడు మాత్రమే, గాడి పని ముందు చేసి ఉన్నవాళ్ల దగ్గర, స్పేసర్‌తో చేయించండి. పని అయ్యాక పిస్టన్‌ని అడ్డంగా పట్టుకుని చూడండి. ఆయిల్ రింగు సంగతి వేరు. పై రెండు కంప్రెషన్ రింగులు మాత్రం తమ బరువుకి తామే గాడిలోకి జారాలి. చుట్టూ తిప్పుతూ చూసి, ఎక్కడైనా నిలబడిపోతే తిరిగి ఇచ్చేయండి.