జూన్‌లో చదువైపోతోందని ఫిబ్రవరి దాకా ఆగకురా చిన్నా

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "జూన్‌లో అకౌంటింగ్ మాస్టర్స్ అయిపోద్ది పిన్నీ, పెద్ద అకౌంటింగ్ ఫర్ములన్నీ ఫిబ్రవరిలోనే జాయిన్ చేసుకుంటాయంట, అప్పటిదాకా వేర్‌హౌస్‌లో షిఫ్టులు పెంచుకుంటా" అన్నావు. అప్పుడు పొయ్యి మీద కూర ఉంది, పిల్లది ఏడుస్తోంది, సరిగ్గా చెప్పలేకపోయా. ఇవాళ ఆదివారం కదా, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగవుద్ది, మొత్తం చదువు.

నేనూ నీలాగే జూలై ఇన్‌టేక్‌లోనే మెల్‌బోర్న్ వచ్చా, 2008లో. మనవాళ్ళు ఎక్కువమంది ఇలాగే వస్తారు, ఇండియాలో డిగ్రీ పరీక్షలు ఏప్రిల్, మేలో అయిపోతాయి, మళ్ళీ ఫిబ్రవరి దాకా ఇంట్లో కూర్చోవడం ఎందుకని జూలైకే ఫ్లైట్ ఎక్కేస్తాం. అలా వస్తే రెండేళ్ళ కోర్సు అయ్యేది కూడా జూన్‌లోనే. 2010 జూన్‌లో నాది అయిపోయింది, నేనేం చేశానంటే నువ్వు అనుకుంటున్నదే చేశా, ఫిబ్రవరి దాకా ఆగా. ఏడు నెలలు ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేశా. ఫిబ్రవరి దగ్గరపడ్డాక అప్లై చేద్దామని కూర్చుంటే తెలిసింది, ఆ సీట్లు అంతకుముందు ఏడాది మార్చి, ఏప్రిల్‌లోనే నిండిపోయాయని. నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు అప్పుడు. నీకు నేనున్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ముందు ఆ పెద్ద ఫర్ముల సంగతి తేల్చేద్దాం. డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ, వాటి తర్వాత బీడీఓ, గ్రాంట్ థార్న్‌టన్, ఆర్ఎస్ఎం, పిచర్ పార్ట్‌నర్స్, విలియం బక్, వీళ్ళ గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్‌లు మామూలుగా ఏడాది మొదట్లోనే అప్లికేషన్లు తెరుస్తాయి, వచ్చే ఏడాది ఫిబ్రవరి బ్యాచ్ కోసం. అంటే నువ్వు ఇప్పుడు, ఈ మార్చిలో, ఇంకా క్లాసులకి పోతుండగానే అప్లై చెయ్యాలి. జూన్‌లో ఫినిష్ అయినోళ్ళు ఫిబ్రవరి బ్యాచ్‌కి సాధారణంగా ఎలిజిబుల్‌గానే ఉంటారు, కానీ ఒక్కో ఫర్మ్ ఒక్కోలా రాస్తది, ఫలానా తేదీల మధ్య కోర్సు అయ్యుండాలి అని ఉంటది చూడు, ఆ లైను జాగ్రత్తగా చదువు. ఇంకోటి, సిటిజన్ లేదా పీఆర్ ఉన్నోళ్ళనే తీసుకుంటాం అని చాలాచోట్ల ఉంటది, అది ముందే చూసుకుంటే ఆన్‌లైన్ టెస్టులూ వీడియో ఇంటర్వ్యూలూ అన్నీ చేసి చివర్లో బాధపడే పని ఉండదు. మిడ్-ఇయర్ స్టార్ట్ ఉందా అని రిక్రూట్‌మెంట్ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టు, కొన్ని చోట్ల ఉంటది, అడగనోడికి ఎవరూ చెప్పరు. గ్రాడ్‌కనెక్షన్, ప్రాస్పుల్ అని గ్రాడ్యుయేట్ ఉద్యోగాల సైట్లున్నాయి, వాటిలో అలర్ట్ పెట్టుకో. వారానికి రెండు సాయంత్రాలు దీనికి చాలు, అంతకుమించి పెట్టకు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. చిన్నా, నువ్వు యూనివర్సిటీ క్యాలెండర్ చూస్తున్నావు, ట్యాక్స్ క్యాలెండర్ చూడరా. ఇక్కడ ఫైనాన్షియల్ ఇయర్ జూన్ 30కి అయిపోద్ది, మన దగ్గర మార్చి 31 లాగా. జూలై 1 నుంచి జనం రిఫండ్ కోసం ట్యాక్స్ ఏజెంట్ల మీద పడిపోతారు, సొంతంగా రిటర్న్ వేసుకునేవాళ్ళకి అక్టోబర్ 31 ఆఖరి రోజు, ఏజెంట్ ద్వారా అయితే చాలామందికి మరుసటి మే 15 దాకా టైముంటది. జూన్ క్వార్టర్ బ్యాస్, అంటే వ్యాపారాలు జీఎస్‌టీ లాంటివి చూపించే స్టేట్‌మెంట్, జూలై 28కి ఇచ్చి కట్టాలి. జూన్‌తో ఏడాది ముగిసే లిస్టెడ్ కంపెనీలు సెప్టెంబర్ చివరికి ఆడిట్ అయిన లెక్కలు ఇచ్చెయ్యాలి, అందుకని ఆడిట్ టీములకి జూలై నుంచి రాత్రీ పగలూ ఉండదు. ఇంత పని ఒకేసారి ఎప్పుడు మీద పడుతుంది? సరిగ్గా నువ్వు ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చిన వారానికి. నవంబర్‌లో ఫినిష్ అయ్యేవాళ్ళ పరిస్థితి చూడు, డిసెంబర్‌లో చాలా ఆఫీసులు క్రిస్మస్‌కి మూసేస్తాయి, జనవరిలో చాలా రోజులు మెయిల్‌కి రిప్లై ఇచ్చే మనిషి దొరకడు. మిడ్-ఇయర్‌లో అయిపోవడం దురదృష్టం అనుకుంటున్నావు, పెద్ద ఫర్ముల వైపు నుంచి చూస్తే అలా కనిపిస్తది గానీ ఊరి చివరి సబర్బ్‌లో ముగ్గురు నలుగురితో నడిచే ట్యాక్స్ ఆఫీసు వైపు నుంచి చూడు, వాళ్ళకి జూలైలో మనిషి కావాలి, ఫిబ్రవరిలో కాదు.

నాకు మొదటి ఉద్యోగం అలాంటి ఆఫీసులోనే వచ్చింది, 2011లో, ఒక మెకానిక్ షాపు పక్కన ఉండేది. ఒక ముసలాయన, ఆయన భార్య, ఇంకో అమ్మాయి. మొదటి మూడు నెలల్లో టాక్సీ డ్రైవర్ల రిటర్న్‌లు, ఒక బేకరీ బ్యాస్, ఒక ఫ్యామిలీ ట్రస్ట్ లెక్కలు, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. క్లాసులో రెండేళ్ళు చదివింది అక్కడ రెండు నెలల్లో అర్థమైంది. ఆ ఆఫీసు దొరికాక నా దారి దొరికింది, అది ఆ ఏడు నెలల ముందే దొరికుండేది, అదే నా బాధ.

కాబట్టి ఏప్రిల్‌లో ఒక పని చెయ్యి. ట్యాక్స్ ప్రాక్టీషనర్స్ బోర్డ్ సైట్‌లో రిజిస్టర్డ్ ట్యాక్స్ ఏజెంట్ల లిస్టు అందరికీ కనిపిస్తది, ఏరియా పెట్టి వెతకొచ్చు. నువ్వు టార్నెట్‌లో ఉన్నావు కదా, వెరిబీ, హాపర్స్ క్రాసింగ్, సన్‌షైన్, ఫుట్‌స్క్రే, ఇలా ట్రైన్‌లోనో బస్సులోనో గంటలో పోగలిగేవన్నీ రాసుకో, ఒక అరవై అవుతాయి. మే మొదటి వారం నుంచి రోజుకి నాలుగు మెయిల్స్. అందరికీ ఒకటే మెయిల్ కొట్టకు, ఆ ఆఫీసు వెబ్‌సైట్ ఐదు నిమిషాలు చూసి వాళ్ళ క్లయింట్లు ఎవరో, ట్రేడీలా (ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్ల లాంటివాళ్ళు), డాక్టర్లా, రెస్టారెంట్లా, ఒక్క వాక్యం రాయి. నా కోర్సు ఫలానా రోజుకి అయిపోద్ది, జూలై 1 నుంచి ఫుల్‌టైమ్ రాగలను, ట్యాక్స్ టైమ్ వరకు క్యాజువల్‌గా అయినా సరే అని రాయి. మూడు రోజులకి రిప్లై రాకపోతే ఫోన్ చెయ్యి. ఫోన్ అంటే నీకు భయమని తెలుసు, ఇంగ్లీష్ తప్పొస్తుందేమోనని, ఆ భయం నాకూ ఉండేది, కాయితం మీద నాలుగు మాటలు రాసుకుని చూసి చదివేదాన్ని, ఇరవయ్యో ఫోన్‌కి కాయితం అక్కర్లేకుండా పోయింది. జూన్ చివరికి వదిలెయ్యకు, జూలై వచ్చాక వాళ్ళకి నీ మెయిల్ తెరిచే టైము కూడా ఉండదు.

ఇంకో దారి రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలు, రాబర్ట్ హాఫ్, హేస్ లాంటివి. ఇయర్ ఎండ్‌లో అకౌంట్స్ పేయబుల్, డేటా ఎంట్రీ, బ్యాంక్ రికన్సిలియేషన్ ఇలాంటి టెంప్ పనులు వస్తుంటాయి, ఆరు వారాలదైనా తీసుకో, రెజ్యూమేలో లోకల్ కంపెనీ పేరు, ఫోన్ చేస్తే మాట్లాడే లోకల్ రిఫరీ, ఈ రెండూ లేకే మన పిల్లలు ఆగిపోతున్నారు.

నీ రెజ్యూమే పంపావు కదా, చూశా. ఫోటో తీసెయ్యి, పుట్టినతేదీ, నాన్న పేరు, పెళ్ళయిందా లేదా, చివర్లో పైన రాసినవన్నీ నిజమని డిక్లరేషన్, ఇవన్నీ తీసెయ్యి, ఇక్కడ ఎవరూ రాయరు. రెండు పేజీలు దాటకూడదు. వూల్‌వర్త్స్ సూపర్‌మార్కెట్‌లో నైట్ ఫిల్, అదే రాత్రిళ్ళు అరల్లో సరుకులు సర్దే పని, చేశావని దాచిపెట్టావేంటి, పైకి తీసుకురా, రెండేళ్ళు ఒకేచోట టైమ్‌కి పోయావంటే యజమానికి అదే కావాలి. జీరో (Xero), ఎమ్‌వైఓబీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ నేర్చుకో, యూనివర్సిటీలో చెప్పే థియరీ కంటే చిన్న ఆఫీసులో ముందు అడిగేది జీరోలో బ్యాంక్ ఫీడ్ (బ్యాంకు నుంచి వచ్చిపడే లావాదేవీల్ని లెక్కల్లో సర్దడం) చేశావా అనే. మీ యూనివర్సిటీలో ట్యాక్స్ క్లినిక్ ఉంటే ఈ సెమిస్టర్‌లోనే చేరు, కొన్ని యూనివర్సిటీల్లో స్టూడెంట్సే సూపర్‌విజన్ కింద డబ్బుల్లేనివాళ్ళకి ట్యాక్స్ సాయం చేస్తారు, దాన్ని మించిన అనుభవం ఇప్పుడు నీకు దొరకదు. ఇక్కడి ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ ఏటీఓ వాళ్ళ ట్యాక్స్ హెల్ప్‌కి కూడా వాలంటీర్లు ఉంటారు, జూలై నుంచి అక్టోబర్ దాకా నడుస్తది.

ఇంటర్వ్యూలో నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటి చెప్తా, ఇప్పుడు మా ఆఫీసులో మనుషుల్ని తీసుకునేది నేనే కాబట్టి. జీఎస్‌టీ కలిపి 1,100 డాలర్ల బిల్లు ఇచ్చి ఇందులో జీఎస్‌టీ ఎంత అని అడుగుతా. మాస్టర్స్ చేసినవాళ్ళు కూడా 110 అనేస్తారు, పది శాతం కదా అని. బిల్లులో జీఎస్‌టీ కలిసే ఉంది కాబట్టి పదకొండో వంతు, 100. ఇది తెలివితేటల ప్రశ్న కాదు, పని చేసిన చెయ్యా కాదా అని తెలిసిపోద్ది. ఇలాంటివే చూసుకో, ఏ తిండి మీద జీఎస్‌టీ ఉండదు, షేర్‌హోల్డర్ సొంతానికి కంపెనీ డబ్బు వాడుకుంటే డివిజన్ 7ఏ అనే ట్యాక్స్ రూలు ఎందుకొస్తది, సూపర్ (యజమాని కట్టే రిటైర్మెంట్ ఫండ్) 12 శాతం దేని మీద లెక్కేస్తారు. తెలియకపోతే తెలియదు, చూసి చెప్తా అను, నేనైతే ఊహించి చెప్పేవాడికంటే అలా చెప్పినవాడినే తీసుకుంటా.

ఇక జాగ్రత్తలు, ఇది చాలా ముఖ్యం చిన్నా. వాట్సాప్ గ్రూపుల్లో ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, రిఫరెన్స్ ఇప్పిస్తాం అనేవాళ్ళ జోలికి పోకు, అకౌంటెంట్ అంటేనే నమ్మకం, ఒక్క ఫోన్‌కాల్‌తో బయటపడితే పేరు పోద్ది, వీసా దాకా పోవచ్చు. ఇంటర్న్‌షిప్ ఇస్తాం డబ్బు కట్టు అని నన్ను ఒకరు పిలిచారు అప్పట్లో, కట్టా కూడా, మూడు వారాలు ఫోటోకాపీలు తీయించారు, అంతే. వీసాకి స్పాన్సర్ చేస్తాం డబ్బివ్వు అంటే అది ఇక్కడ నేరం, 2015 నుంచి చట్టమే ఉంది. ఉద్యోగిగా పనిచేయించుకుంటూ ఏబీఎన్ (సొంత వ్యాపారం నంబరు) మీద కాంట్రాక్టర్‌లా ఇన్‌వాయిస్ పెట్టు అన్నా ఒప్పుకోకు. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ వేరు, ఊరికే ఫ్రీగా పనిచెయ్యి అంటే ఉద్యోగుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ సైట్ తీసి చూడు. మినిమమ్ వేజ్ 2025 జూలైలో గంటకి 24.95 డాలర్లు చేశారు, ఇప్పుడెంతో చూసుకో, ఎవరైనా దానికంటే తక్కువ అంటే థాంక్యూ చెప్పి లేచి వచ్చెయ్.

వీసా గురించి ఆఖర్న చెప్తున్నా గానీ నువ్వు ముందు చెయ్యాల్సింది ఇదే. 485కి, అదే చదువయ్యాక ఇక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే వీసాకి, కోర్సు అయిన ఆరు నెలల్లోపు అప్లై చెయ్యాలి, ఆ ఆరు నెలలు మొదలయ్యేది గౌను వేసుకుని ఫోటో దిగే రోజు నుంచి కాదు, కోర్సు కంప్లీట్ అయిన తేదీ నుంచి, అందుకే రిజల్ట్స్ రాగానే కంప్లీషన్ లెటర్ అడుగు. హైదరాబాద్‌లో రాసిన ఐఈఎల్‌టీఎస్ పనికిరాదు, 2024 నుంచి అప్లై చేసే ముందు ఏడాది లోపు రాసిందే ఉండాలి, మొత్తం 6.5 రావాలి. పోలీస్ చెక్, హెల్త్ ఇన్సూరెన్స్ రెడీగా పెట్టుకో. మాస్టర్స్ కోర్స్‌వర్క్ చేసిన మన ఇండియన్స్‌కి 3 ఏళ్ళ దాకా ఇస్తారు. ఆ మూడేళ్ళలో ఏడు నెలలు వేర్‌హౌస్‌లో పోతే ఎంత పోయినట్టో నువ్వే లెక్కేసుకో. సీపీఏ అనే అకౌంటెంట్ల ప్రొఫెషనల్ అర్హతకి ఆరు పేపర్లు, మూడేళ్ళ అనుభవం అడుగుతారు, చిన్న ఆఫీసులో చేసిన అనుభవం కూడా అందులోకి వస్తది, కాబట్టి గడియారం జూలైలోనే మొదలుపెట్టు.

వేర్‌హౌస్ పని తక్కువని నేననడం లేదు, అద్దె కట్టాలి, అక్క కడుతున్న లోన్ ఉంది, నాకు తెలుసు. రాత్రి షిఫ్ట్ ఉంచుకో, పగలు మాత్రం నాకివ్వు. అక్కకి నేను మాట్లాడతా, ఆవిడ కంగారు నీ మీద పడకుండా చూసుకుంటా.

ఏప్రిల్ సగం దాటితే మే 15 దాకా నాకు ఊపిరాడదు, రిటర్న్‌లన్నీ అప్పటికి వెళ్ళాలి. అందుకని ఏప్రిల్ రెండో శనివారం ఇంటికొచ్చెయ్, ఆ అరవై ఆఫీసుల లిస్టు, సరిచేసిన రెజ్యూమే తీసుకురా, ల్యాప్‌టాప్ మర్చిపోకు, జీరో డెమో కంపెనీ తెరిచి ఒక నెల బ్యాంక్ ఫీడ్ ఇద్దరం కూర్చుని చేద్దాం. గోంగూర పప్పు చేస్తా, పొద్దున్నే వచ్చెయ్, మధ్యాహ్నానికి రాకు.

మీ పిన్ని