సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు

ప్రశ్న: గుంటూరులో కారప్పొడుల యూనిట్ నడుపుతున్నాం. ఒక సూపర్‌మార్కెట్‌కు నెలనెలా సరుకు వేస్తాం. బిల్లులు మూడేసి నెలలు పెండింగ్‌లో ఉంటున్నాయి. అడిగితే ‘వచ్చే వారం’ అంటారు. గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందేమోనని భయం. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీరు ఎవరిని అడుగుతున్నారో చూసుకోండమ్మా. సరుకు దించుకునే మేనేజర్‌ చేతిలో సాధారణంగా చెల్లింపులు ఉండవు. అకౌంట్స్ చూసేవారి నంబరు, వాళ్లు పేమెంట్లు వేసే రోజు కనుక్కోండి. చాలా బిల్లులు ఆగేది డబ్బు లేక కాదు. పర్చేజ్ ఆర్డర్ నంబరు వెయ్యకపోవడం, బిల్లులో 50 ప్యాకెట్లుంటే గోడౌన్ ఎంట్రీలో 48 ఉండటం, వాపసు వచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ (ఆ మేరకు బిల్లు తగ్గించే పత్రం) ఇవ్వకపోవడం... ఇలా తేడా పడ్డ బిల్లును పక్కన పెట్టేస్తారు, ఆ సంగతి మీకు చెప్పరు. అందుకే సరుకు దించిన రోజే చలానా మీద అందిన సంఖ్య రాయించి సంతకం, స్టాంపు, తేదీ వేయించుకోండి.

‘మా డబ్బుల సంగతి కాస్త చూడండి సార్’ అంటే ఎవరూ కదలరు. ఇలా పంపండి: ‘బిల్లు నం. 112, జూన్ 3, రూ.18,400. గడువు జులై 3తో ముగిసింది. ఏ తేదీన వేస్తారో చెప్పగలరు. లెక్కలో తేడా ఉంటే ఈరోజే చెప్పండి, సరిచేసి పంపుతాం.’ ఇందులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. గడువుకు వారం ముందు కూడా ఒక మెసేజ్ పెట్టండి. ఫోన్లో ఏ తేదీ ఒప్పుకున్నా వెంటనే రాసి పంపండి. పాత బిల్లు తీరేదాకా కొత్త సరుకు నగదుకే వెయ్యండి. అరువు పెరిగేకొద్దీ రేపు మిర్చి కొనడానికి మీ చేతిలో డబ్బుండదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం చేసే ఆన్‌లైన్ నమోదు) లేకపోతే ఈ వారమే చేయించండి, అది ఉచితం. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, వాళ్ల ఆర్డర్‌లో 90 రోజులని ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. మీరు చిన్న తయారీదారులు కాబట్టి ఇది వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. పైగా గడువు దాటిన బాకీని కొన్నవారు చెల్లించిన ఏడాదిలోనే పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలరు. కాబట్టి ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు, ఫిబ్రవరి, మార్చిల్లో ఉద్యమ్ నంబరు వేసి బాకీల పట్టిక పంపితే వాళ్ల ఆడిటరే తొందరపెడతారు. అప్పటికీ కదలకపోతే బిల్లులు, చలానాలు జతచేసి ఇలాంటి బాకీల కోసం కేంద్ర ఎం.ఎస్.ఎం.ఇ. శాఖ నడిపే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.