చుట్టాల రవికెలతో బేరం సాగదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పుట్టిల్లు టెక్కలి, మెట్టినిల్లు ఒడిశాలోని పర్లాకిమిడి. మూడేళ్లుగా ఇంట్లోనే మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తున్నాను. వచ్చేదంతా ఆడపడుచులు, తోటికోడళ్లు, వాళ్ల తాలూకు వాళ్లే. డబ్బులు "తర్వాత ఇస్తాలే" అంటారు, అడిగితే మొహం మాడ్చుకుంటారు. బయట ఆర్డర్లు చూసుకుందామంటే అత్తగారు "మనింటి కోడలు గడపగడపకీ వెళ్లి అడుక్కోవాలా" అంటున్నారు. ఆవిడకి ఒడియా బాగా వచ్చు, నాకు రాదు. మా ఆయన "మీరూ మీరూ చూసుకోండి" అని ఊరుకుంటారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటేనే నాకు టెన్షన్. మానేయమంటారా?
- ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: మానేయొద్దమ్మా. మూడేళ్లుగా ఆర్డర్లు ఆగలేదంటే మీ పనికి వంక లేదు. చుట్టాలు అరువు పెట్టడం ఒక బాధ. దానికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మీ ఆడపడుచుకి తెలిసినవాళ్లంతా మీకూ తెలిసినవాళ్లే. ఆవిడ ఎంత మెచ్చుకున్నా ఆ మాట మీ పెరట్లోనే తిరుగుతుంది.

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త బోస్టన్ దగ్గర ఉద్యోగాలు మారినవాళ్లని అడిగి 1973లో ఒక వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ కబురు చెప్పిన మనిషిని వారానికి రెండుసార్లైనా కలుస్తుండేవాళ్లు నూటికి 17 మందే. మిగిలినవాళ్లకి దారి చూపించింది ఎప్పుడో ఒకసారి కనబడే మనుషులు. అది ఉద్యోగాల లెక్కే గానీ మీ బ్లౌజులకీ పనికొస్తుంది.

మరి మీకు అలా ముఖపరిచయం ఉన్నవాళ్లెవరు? పెళ్లికూతురు మీ దగ్గరికి వచ్చేలోపు ఎవరెవరి దగ్గరికి వెళ్తుందో చూడండి. చీరల కొట్టు, బ్యూటీ పార్లర్, మెహందీ పెట్టే అమ్మాయి, మగ్గం వర్క్ చెయ్యని మామూలు టైలర్. ముందు ఆ టైలర్ దగ్గరికే వెళ్లండి. "నాకు కుట్టుపని ఎక్కువైతే మీకు పంపిస్తాను, మీ దగ్గరికి వర్క్ కావాలని వచ్చేవాళ్లని నాకు పంపండి" అనండి. అనడమే కాదు, మొదటి ఇద్దరినీ మీరే పంపండి. ఇచ్చి అడిగేదాన్ని అడుక్కోవడం అనరు. చీరల కొట్టుకైతే మాటలకంటే మూరెడు గుడ్డ మీద నాలుగు రకాలు, జర్దోసీ, కుందన్, పూసలు, దారం పని, చేసి ఇచ్చి రండి. ఆ గుడ్డ కౌంటర్ మీద ఉంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది, మాట్లాడేది అదే కాబట్టి.

"ఎవరైనా ఉంటే చెప్పండి" అని మాత్రం ఎవరితోనూ అనకండి. అందరూ తలూపుతారు, ఒక్కరికీ గుర్తుండదు. "మీ అక్కగారి అమ్మాయి పెళ్లి మాఘంలో అన్నారు కదా, బ్లౌజులు ఎక్కడ ఇస్తున్నారు?" అని అడిగి చూడండి. జవాబు ఎలాగూ వస్తుంది.

ఇక ఒడియా. 1936 దాకా మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అందుకే అక్కడ మనవాళ్లు ఇంతమంది. కానీ సగం ఊరిని భాష రాదని వదిలేసి వ్యాపారం ఎలా చేస్తారు? జూన్ మధ్యలో ఒడియావాళ్లకి మూడు రోజుల రజో పండుగ. ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. ఆ ఆర్డర్లు మే నెలలోనే పట్టుకోవాలి. మీ చుట్టాలకి అప్పుడు పండుగే లేదు, మీ మగ్గం ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికొద్దాం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మనిషి ఆవిడే, ఏమీ అనుకోకండి. ఆవిడకి ఒడియా వచ్చు, ఊరు తెలుసు, పరువంటే పట్టింపు. మీకు లేనివన్నీ ఆవిడ దగ్గరున్నాయి. ఆవిడ భయం మీరు తిరుగుతారని కాదు, ఎవరైనా చులకనగా చూస్తారని. మార్గశిరంలో మనం లక్ష్మివారం పూజ చేస్తాం, ఒడియావాళ్లూ ఆ గురువారాలు గుమ్మంలో బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేసి పూజ చేస్తారు. ఆవిడ పేరంటానికి వెళ్లే ఇళ్లకి మీరూ వెనకాల వెళ్లండి, మీ వర్క్ బ్లౌజు వేసుకుని. అడగొద్దు. ఎవరో ఒకరు అంచు పట్టుకుని చూస్తారు, "మా కోడలే చేసింది" అని ఆవిడే ఒడియాలో చెప్తారు. మీరు పది వాకిళ్లు తిరిగినా అంత పని జరగదు.

అయితే ఈ మాట ముందుగా ఆవిడతో చెప్పాల్సింది మీ ఆయన. "మీరూ మీరూ" అని తప్పించుకుంటే కుదరదు. నెలకి ఎంత వస్తోందో, చుట్టాల దగ్గర ఎంత ఇరుక్కుందో కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి.

పాత బాకీల కోసం ఆడపడుచులతో గొడవ పెట్టుకోకండి, అవి వచ్చినప్పుడే వస్తాయి. కొత్త ఆర్డర్‌కి మాత్రం సగం అడ్వాన్స్, సొంతవాళ్లైనా సరే. పూసల కొట్టువాడు మీకు చుట్టం కాదు కదా! నోటితో చెప్పడం కష్టమైతే గోడకి రేట్ల బోర్డు పెట్టండి, తెలుగులో మీరు రాయండి, ఒడియాలో అత్తగారి చేత రాయించండి.