టెక్ సందేహాలు: అప్‌డేట్ వేశాక రూట్ పోయింది, ఫోన్ ఫార్మాట్ చేయాల్సిందేనా?

ప్రశ్న: సర్, నాది పిక్సెల్ 6ఏ. రెండేళ్లుగా మ్యాజిస్క్ అనే యాప్‌తో రూట్ చేసి, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం తీసుకుని వాడుతున్నాను. మొన్న అప్‌డేట్ వస్తే మ్యాజిస్క్‌లో ‘రీస్టోర్ ఇమేజెస్’ నొక్కి, అప్‌డేట్ వేసి, రీస్టార్ట్ అడగ్గానే సరే అన్నాను. ఫోన్ మామూలుగానే ఆన్ అయింది. కానీ ఇప్పుడు మ్యాజిస్క్ తెరిస్తే ‘ఇన్‌స్టాల్డ్’ పక్కన ‘ఎన్/ఏ’ అని వస్తోంది. చనిపోయిన మా నాన్నగారి కాల్ రికార్డింగ్‌లు ఒక పాత యాప్ లోపల ఉన్నాయి. అందులో ఎక్స్‌పోర్ట్ సౌకర్యం లేదు, రూట్ ఉంటేనే బయటికి తీయగలను. ఫార్మాట్ చేసి మొదటి నుంచి రూట్ చేసుకోమని మా ఫ్రెండ్ అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా ఒక మాట. ఫార్మాట్ చేయకండి. ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ అనే ప్రోగ్రామ్‌ని లాక్ చేయకండి. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే ప్రయత్నమూ వద్దు. ఈ మూడింటిలో ఏది చేసినా నాన్నగారి రికార్డింగ్‌లు పోతాయి. మీ ఫోన్లో పోయింది రూట్ ఒక్కటే. డేటా ఎక్కడిదక్కడే ఉంది.

అసలు ఏం జరిగిందో చెప్తాను. పిక్సెల్ ఫోన్లను రెండు పోర్షన్ల ఇల్లు అనుకోండి. వాటిని స్లాట్ ఏ, స్లాట్ బీ అంటారు. ఆండ్రాయిడ్ 7తో, 2016లో వచ్చిన మొదటి పిక్సెల్ నుంచి ఈ పద్ధతి ఉంది. మీరు ఒక పోర్షన్లో కాపురం ఉండగానే అప్‌డేట్ రెండో పోర్షన్‌కి సున్నం వేసి సిద్ధం చేస్తుంది. రీస్టార్ట్ చేయగానే మీరు అందులోకి మారిపోతారు. మీ ఫొటోలు, యాప్‌లు, వాటి లోపలి ఫైళ్లు ఉండే గది మాత్రం రెండు పోర్షన్లకూ ఉమ్మడి. మ్యాజిస్క్ కూర్చునేది బూట్ అనే చిన్న భాగంలో. అది ఏ పోర్షన్‌కి ఆ పోర్షన్‌కి వేరు. కొత్త పోర్షన్లో కంపెనీ ఇచ్చిన బూట్ ఉంది, అందులో మ్యాజిస్క్ లేదు. అందుకే ‘ఎన్/ఏ’ అని వస్తోంది.

ఇంకో మంచి విషయం. మీరు ఇదివరకు ఏ యాప్‌కి రూట్ అనుమతి ఇచ్చారో ఆ చిట్టా, మీరు వేసుకున్న మాడ్యూల్స్ (మ్యాజిస్క్‌కి జతచేసే అదనపు ముక్కలు) అన్నీ ఆ ఉమ్మడి గదిలోనే ఉంటాయి. బూట్‌ని మళ్లీ ప్యాచ్ చేస్తే, అంటే అందులో మ్యాజిస్క్‌ని చేరిస్తే చాలు, అవన్నీ తిరిగి పనిచేస్తాయి. మీ బూట్‌లోడర్ ఎలాగూ అన్‌లాక్ అయ్యే ఉంది. మొదటిసారి అన్‌లాక్ చేసినప్పుడు ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది కదా, ఇప్పుడు ఆ పని లేదు.

ఇక అసలు పని. దీనికి కంప్యూటర్ కావాలి. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’కి వెళ్లి, అడుగున ఉన్న బిల్డ్ నంబర్‌ని కాగితం మీద రాసుకోండి. అప్‌డేట్‌కి ముందున్న నంబర్ కాదు, ఈ రోజు ఫోన్లో ఉన్న నంబర్. దాని మధ్యలో ఆరంకెలు ఉంటాయి. 250705 అని ఉంటే 2025, ఏడో నెల, ఐదో తేదీ అని. ఆ తర్వాత చుక్క, ఇంకో మూడంకెలు, కొన్నిసార్లు వాటి వెనక ‘ఏ1’ అనో ‘బీ1’ అనో ఒక ముక్క. జనం పొరపాటు పడేది ఆ చివరి ముక్క దగ్గరే. నెల కలిసింది కదా అని వేరే ఫైలు దించేస్తారు. గూగుల్ డెవలపర్ సైట్‌లో పిక్సెల్ 6ఏ ఫైళ్లు ‘బ్లూజే’ అనే పేరు కింద ఉంటాయి. అక్కడ మీ కాగితంలోని నంబర్ అక్షరం అక్షరం కలిసిన ఫ్యాక్టరీ ఇమేజ్‌నే (కంపెనీ ఇచ్చే పూర్తి సిస్టమ్ ఫైలు) దించుకోండి.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నేనే ఒకసారి నా పాత ఫోన్‌కి ముందు నెల బూట్ ఫైలు ఎక్కించాను. ఫోన్ ఆన్ అయింది, లాక్ స్క్రీన్ వచ్చింది. తీరా చూస్తే వైఫై బటన్ బూడిద రంగులో ఉండిపోయి ఎన్నిసార్లు నొక్కినా వెలగలేదు. బూట్‌లో ఉండే కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) ఒక నెలది, దానికి జత కావాల్సిన డ్రైవర్లు ఇంకో నెలవి. సరైన ఫైలు ఎక్కించాక రెండు నిమిషాల్లో సర్దుకుంది. కానీ ఆ మధ్యలో గడిచిన మూడు గంటలు మీకు రాకూడదు.

దించిన జిప్ తెరిస్తే లోపల ఇంకో జిప్ ఉంటుంది, అందులో ‘బూట్.ఐఎమ్‌జీ’ ఉంటుంది. దాన్ని బయటికి తీసి, ఒక కాపీ కంప్యూటర్లో దాచి, ఇంకో కాపీ ఫోన్లోకి పంపండి. మ్యాజిస్క్ యాప్‌ని గిట్‌హబ్‌లోని అసలు పేజీ నుంచి కొత్త వెర్షన్‌కి మార్చుకోండి. మ్యాజిస్క్ పేరుతో వెబ్‌సైట్లు బోలెడున్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు. యాప్‌లో ‘ఇన్‌స్టాల్’ నొక్కి, ‘సెలెక్ట్ అండ్ ప్యాచ్ ఎ ఫైల్’ ఎంచుకుని ఆ బూట్ ఫైలు చూపించండి. కాసేపటికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ‘మ్యాజిస్క్_ప్యాచ్డ్’ అని మొదలయ్యే ఫైలు తయారవుతుంది. దాన్ని కంప్యూటర్లో ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఫోన్‌కి కంప్యూటర్ నుంచి కమాండ్లు పంపే గూగుల్ సాధనాలు) ఉన్న ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. వీలైతే ఆ టూల్స్‌లోని ‘ఏడీబీ పుల్’ కమాండ్‌తోనే తెచ్చుకోండి. మామూలు కాపీలో ఫైలు దెబ్బతినే అవకాశం ఉంది.

ఫోన్ ఆఫ్ చేసి, వాల్యూమ్ డౌన్, పవర్ బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే ఫాస్ట్‌బూట్ తెర వస్తుంది. అందులో ‘డివైస్ స్టేట్’ ఎదురుగా ‘అన్‌లాక్డ్’ అని ఉందో లేదో చూసుకోండి. కేబుల్ కలిపి కంప్యూటర్లో ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్’ అని కొట్టి, ఆ పక్కన ప్యాచ్ చేసిన ఫైలు పేరు ఇవ్వండి. కమాండ్ మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ‘వెయిటింగ్ ఫర్ డివైస్’ అని ఆగిపోతే విండోస్‌లో గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ లేదని అర్థం, లేదంటే ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరాని కేబుల్ వాడుతున్నారని అర్థం. ‘ఓకే’ వచ్చాక ఫోన్ రీబూట్ చేయండి.

ఒకవేళ ఫోన్ లోగో దగ్గరే తిరుగుతుంటే కంగారు పడొద్దు. కొత్త ఆండ్రాయిడ్‌తో పడని పాత మాడ్యూల్ ఏదో ఉంటుంది. ఆన్ అవుతున్నప్పుడు వాల్యూమ్ డౌన్ పట్టుకుని సేఫ్ మోడ్‌లోకి వెళ్తే మ్యాజిస్క్ మాడ్యూల్స్ అన్నిటినీ తనే ఆపేస్తుంది. ఆ తర్వాత మామూలుగా రీబూట్ చేస్తే సరి. అదీ కాకపోతే, దాచిన అసలు బూట్ ఫైలునే అదే కమాండ్‌తో ఎక్కించండి. ఇప్పుడు మీరున్న స్థితికి వస్తారు, డేటా కదలదు.

రూట్ వచ్చిన నిమిషంలో మీరు చేయాల్సిన పని మాడ్యూల్స్ సర్దుకోవడం కాదు. ఆ యాప్ ఫోల్డర్‌ని బయటికి తీసి, రికార్డింగ్‌లు కంప్యూటర్లో ఒకచోట, పెన్ డ్రైవ్‌లో ఇంకోచోట పెట్టండి. ఒక్కోటి తెరిచి గొంతు వినపడుతోందో లేదో చూసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

పాత వెర్షన్ సంగతి అడగకపోయినా చెప్తున్నాను. వెనక్కి వెళ్లాలంటే దాదాపు ఎప్పుడూ డేటా తుడవాల్సిందే. పైగా 6ఏలో ఆండ్రాయిడ్ 13 బూట్‌లోడర్ ఒకసారి ఎక్కితే 12కి దిగనివ్వదు. బ్యాటరీ వేడెక్కే ప్రమాదం ఉందని 2025 జూలైలో గూగుల్ ఈ మోడల్‌కి తప్పనిసరి అప్‌డేట్ ఇచ్చింది. ఆ ప్రమాదం ఉన్న ఫోన్లలో 400 ఛార్జింగ్ సైకిళ్లు దాటాక బ్యాటరీ సామర్థ్యాన్ని అది తగ్గిస్తుంది. ఛార్జ్ తొందరగా దిగిపోతోందని దాన్ని తప్పించుకోవాలని చూడకండి.

ఇక వచ్చే నెల అప్‌డేట్‌కి. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్’ ఆపేయండి. రీస్టోర్ ఇమేజెస్ వరకూ మీరు చేసింది సరైనదే. అప్‌డేట్ పూర్తయ్యాక రీస్టార్ట్ అడిగితే మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. మ్యాజిస్క్‌లోకి వచ్చి ‘ఇన్‌స్టాల్ టు ఇనాక్టివ్ స్లాట్’ ఎంచుకుని, అది అయ్యాక మ్యాజిస్క్‌లోని రీబూట్ బటన్‌తోనే రీస్టార్ట్ చేయండి. కొత్త పోర్షన్లోకి మారేలోపే తాళంచెవి అక్కడ పెట్టేసినట్టు.

పిక్సెల్ 7, ఆ తర్వాతి ఫోన్లు వాడేవాళ్లకు ఒక తేడా ఉంది. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన ఫోన్లలో ప్యాచ్ చేయాల్సింది ‘బూట్’ని కాదు, ‘ఇనిట్_బూట్’ని. ఫ్లాష్ చేసేదీ, అంటే ఫోన్లోకి ఎక్కించేదీ ఆ పేరుతోనే.

ప్రశ్న: రూట్ చేశాక మా బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు. రూట్‌ని దాచే మాడ్యూల్స్ వేస్తే నెల పనిచేసి మళ్లీ ఆగిపోతోంది. శాశ్వత మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: లేదండీ. ఇలాంటి యాప్‌లు ‘ప్లే ఇంటెగ్రిటీ’ ద్వారా గూగుల్‌ని అడిగి ఫోన్ నమ్మదగినదో కాదో తెలుసుకుంటాయి. మీరు రూట్ తీసేసినా బూట్‌లోడర్ అన్‌లాక్‌లో ఉంటే ఆ పరీక్ష పాస్ కావడం కష్టం. దాచే మాడ్యూల్స్ ఈ నెల ఒక దారి కనిపెడితే వచ్చే నెల గూగుల్ ఆ దారి మూసేస్తుంది. పైగా ఆ మాడ్యూల్ రాసింది ఎవరో మీకు తెలియదు, దానికి మీ ఫోన్లో లేని అధికారం లేదు. మీ జీతం పడే ఖాతా ఉన్న ఫోన్లో అది ఉండటం నాకు అస్సలు నచ్చదు. రూట్ ప్రయోగాలకి పాత ఫోన్ ఒకటి పెట్టుకోండి. డబ్బు వ్యవహారాలు రూట్ లేని ఫోన్లోనే ఉంచండి. ఈ ఫోన్నే మామూలుగా మార్చుకోవాలంటే డేటా బ్యాకప్ తీసుకుని, ఫ్యాక్టరీ ఇమేజ్ మొత్తం ఎక్కించి, ఫోన్ చక్కగా ఆన్ అవుతోందని చూసుకున్నాకే బూట్‌లోడర్ లాక్ చేయండి. మార్చిన బూట్ ఉండగా లాక్ చేస్తే ఫోన్ తెరుచుకోకుండా పోవచ్చు.

ప్రశ్న: కంప్యూటర్ లేకుండా ఒక్క క్లిక్‌తో రూట్ చేసే యాప్ ఏదైనా చెప్పండి. నాది కొత్త ఫోన్.
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: 2014లో టవల్‌రూట్ అనే యాప్ ఒక్క నొక్కుతో రూట్ చేసేది. అప్పటి లైనక్స్ కెర్నల్‌లో ఉన్న ఒక లోపం వల్ల అది సాధ్యమైంది. ఆ లోపం ఎప్పుడో పూడ్చేశారు. ఇవాళ కొత్త ఫోన్లో ఒక్క క్లిక్‌తో రూట్ చేస్తానని చెప్పే యాప్ మీ దగ్గర అనుమతులు తీసుకుని ప్రకటనలు చూపిస్తుంది, లేదా అంతకన్నా చెడ్డ పని చేస్తుంది. ఇప్పటికే వేసి ఉంటే వెంటనే తీసేసి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.