ఒకే గదిలో ఉన్నా ఇనుము చల్లగా, చెక్క వెచ్చగా ఎందుకు అనిపిస్తాయి?

రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉంటే వాటి ఉష్ణోగ్రత ఒక్కటే. గది 25 డిగ్రీలుంటే థర్మామీటర్ దేనికి ఆనించినా 25 చూపిస్తుంది. తేడా అంతా మన చేతిలోంచి వేడి ఎంత వేగంగా పోతోందన్న దాంట్లోనే ఉంది.

అరచేతి చర్మం సుమారు 33 డిగ్రీలుంటుంది. ఇనుమును పట్టుకోగానే అందులోకి దిగిన వేడి తాకిన చోట ఆగదు, చకచకా లోపలికి పాకిపోతుంది. దాంతో ఆ చోటు వెచ్చబడదు, చెయ్యి వేడిని కోల్పోతూనే ఉంటుంది. చెక్కలో మాత్రం పైపొర క్షణాల్లో వెచ్చబడి, ఆ వేడి అక్కడే నిలిచిపోతుంది. ఇనుము ఉష్ణవాహకత చెక్క కన్నా వందల రెట్లు ఎక్కువ మరి! చర్మంలోని నాడులు పసిగట్టేది చర్మం ఉష్ణోగ్రతనే గానీ వస్తువుది కాదు. మనం పొరబడేది సరిగ్గా ఇక్కడే.

నమ్మకం కుదరకపోతే ఒకే సైజు ఐస్ ముక్కలు రెండు తీసుకుని, ఒకటి మందపాటి లోహపు పళ్లెం మీద, మరొకటి చెక్క పలక మీద పెట్టండి. లోహం తనలోని వేడిని ఐస్‌కు వేగంగా అందిస్తుంది కాబట్టి, చల్లగా అనిపించిన లోహం మీది ముక్కే ముందు కరుగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి ఊహిస్తారు. పళ్లెం పల్చనిదైతే అదే త్వరగా చల్లబడిపోయి తేడా అంతగా కనిపించదు.

రెండింటినీ 50 డిగ్రీలకు వేడిచేసి ముట్టుకుంటే కథ తిరగబడుతుంది: ఈసారి వేడి చేతిలోకి వస్తుంది కాబట్టి ఇనుమే ఎక్కువ చురుక్కుమంటుంది.